ఉప్పునీటి ట్యాంకు సైక్లింగ్: డామ్సెల్ చేపా, పచ్చి రొయ్యా, అమ్మోనియం క్లోరైడా, సీసా బ్యాక్టీరియానా – ఏది మేలు?

కొత్త ఉప్పునీటి ట్యాంకులో నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా చేపకు అందులో రక్షణ లేదు. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లమీద, ఇసుకలో ఇంకా కుదురుకోలేదు. మంచినీటి ట్యాంకులు పెంచిన అనుభవం ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం అర శాతం చిల్లర మాత్రమే. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర అది సుమారు 7 శాతం. నీటి పరీక్ష కిట్‌లో అంకె అదే కనిపించినా చేపకు తగిలే విషం పది రెట్లు దాటుతుంది. అందుకే చేప రాకముందే బ్యాక్టీరియాకు తిండి పెట్టి పెంచాలి. దీన్నే సైక్లింగ్ అంటారు. ఆ తిండి ఎలా పెట్టాలన్నదే ప్రశ్న.

డామ్సెల్ అనే చిన్న సముద్రపు చేపను వదిలి, అది వదిలే అమ్మోనియాతో బ్యాక్టీరియాను పెంచే పద్ధతిని ముందే పక్కన పెట్టేద్దాం. "గట్టి చేప, చావదు" అని అంటగడతారు. చావకపోవచ్చు, మొప్పలు మాత్రం దెబ్బతింటాయి. దాన్ని కాపాడటానికి నీళ్లు మారిస్తే బ్యాక్టీరియాకు తిండి తగ్గి సైక్లింగ్ ఆలస్యమవుతుంది, మార్చకపోతే చేప నరకం చూస్తుంది. సైకిల్ అయ్యాక ఆ డామ్సెలే ట్యాంకంతా తనదన్నట్టు కొత్త చేపల్ని తరిమి కొరుకుతుంది. రాళ్లన్నీ బయటికి తీస్తే గానీ చిక్కదు. దానివెంట మెరైన్ ఇక్ (ఒంటిమీద తెల్ల చుక్కలు తెచ్చే పరాన్నజీవి జబ్బు) లోపలికి వస్తే మరో పెద్ద తలనొప్పి. ఇన్ని మంచి దారులుండగా ఒక ప్రాణిని ఇలా హింసపెట్టడానికి కారణమే లేదు.

పచ్చి రొయ్య చౌక. 100 లీటర్లకు ఒక మోస్తరు రొయ్యను పలచటి నైలాన్ సంచిలో కట్టి వేస్తే రెండు మూడు రోజుల్లో కుళ్లడం మొదలై అమ్మోనియా కనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఎంత వస్తుందో మన చేతిలో ఉండదు. వేసవిలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఒక్కసారిగా కుళ్లి 5 పీపీఎం (లీటరుకు 5 మిల్లీగ్రాములు) దాటేయొచ్చు. అంత అమ్మోనియాలో బ్యాక్టీరియా పెరుగుదలే మందగిస్తుంది. పైగా రొయ్య నుంచి ఫాస్ఫేట్ కూడా దిగుతుంది. రాళ్లు దాన్ని పీల్చుకుని తర్వాత మెల్లమెల్లగా వదులుతూ నాచుకు ఎరువవుతాయి. పగడాలు పెట్టే ఆలోచన ఉంటే ఈ పద్ధతి వద్దు. చేపలు మాత్రమే పెంచే ట్యాంకుకైతే ఫర్వాలేదు, కానీ 2 పీపీఎం రాగానే సంచి బయటికి తీసేయండి. సంచి కట్టమన్నది అందుకే.

అమ్మోనియం క్లోరైడ్‌దే మా ఓటు. కొలిచి వేయొచ్చు, వాసన లేదు, ఫాస్ఫేట్ లేదు. లెక్క కూడా తేలిక: లీటరుకు 3 మిల్లీగ్రాములు వేస్తే సుమారు 1 పీపీఎం అమ్మోనియా. నికరంగా 200 లీటర్ల నీళ్లకు 2 పీపీఎం కావాలంటే 1.2 గ్రాములు. ఇంత తక్కువ తూకం ఇంట్లో కుదరదు కాబట్టి 12 గ్రాములు లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించి సీసాలో ఉంచుకుంటే, ఒక్కో డోసుకు 100 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. నికరం అని ఎందుకన్నామంటే, రాళ్లూ ఇసుకా ఆక్రమించే చోటు తీసేస్తే 200 లీటర్ల ట్యాంకులో నీళ్లు 160 దగ్గరే తేలొచ్చు. ల్యాబ్ గ్రేడ్ పొడి కొనండి. కళాయి వేసేవాళ్లు వాడే రకంలో లోహాల మలినాలు ఉండొచ్చు. సువాసన కలిపిన క్లీనింగ్ అమ్మోనియా అసలు వద్దు.

మొదటి డోసు పోసే ముందు ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35; స్పెసిఫిక్ గ్రావిటీ 1.025–1.026), వేడి 26–28 డిగ్రీలు, పంపులు తిరుగుతూ ఉండాలి. లైట్లు ఆపేయండి, లేకపోతే ముందు పెరిగేది నాచే. ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్ నీళ్లు చూసి వాడాలి: రుచి కోసం చాలా మిషన్లలో బోరు నీళ్లో, మున్సిపల్ నీళ్లో కొంచెం కలిపే వాల్వు ఉంటుంది. అది మూసి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) చూడండి, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. నీళ్లు ఆవిరైతే ఉప్పు పోదు, కాబట్టి తగ్గిన మట్టం ఆర్‌ఓ నీటితోనే నింపాలి.

రెండు రోజులకోసారి పరీక్షిస్తూ, అమ్మోనియా 0.5 కిందికి దిగాకే మళ్లీ 2 పీపీఎంకు తేవాలి. క్యాలెండర్ చూసి రోజూ పోసుకుంటూ పోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. నైట్రైట్ రంగు చార్టు చివరికి చేరితే అమ్మోనియా డోసు ఆపి, అది దిగేదాకా ఆగండి. ఆ రోజుల్లో నైట్రేట్ అంకెను నమ్మొద్దు, నైట్రైట్ ఉంటే చాలా కిట్లు నైట్రేట్‌ను ఎక్కువగా చూపిస్తాయి. బ్యాక్టీరియా చేసే ఈ పని ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణాన్ని) కూడా తింటుంది. అంతా ఆగిపోయినట్టు అనిపిస్తే ముందు అది చూడండి, 7 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత) కన్నా తగ్గితే తినే సోడా కొద్దికొద్దిగా కలపండి. పొడి రాళ్లతో, బయటి బ్యాక్టీరియా ఏదీ వేయకుండా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలే.

సీసా బ్యాక్టీరియా అమ్మోనియం క్లోరైడ్‌కు పోటీ కాదు, తోడు. మంచి సీసా పడితే నెల పని ఒకటి రెండు వారాల్లో అవుతుంది. కానీ ఆ "మంచి" దగ్గరే అంతా ఉంది. గడువు తేదీ చూడండి. మండుటెండలో కొరియర్ వ్యానులో తిరిగిన సీసాలో ఏం మిగులుతుందో నమ్మకం లేదు, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టినా అంతే. ఉప్పునీటి రకమే తీసుకోండి: ఫ్రిట్జ్ వాళ్ల సీసాల్లో 9, 900 నంబర్లవి ఉప్పునీటికి, 7, 700 నంబర్లవి మంచినీటికి. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల మందుల షాపుల్లో దొరికే ప్రోబయోటిక్స్ ఇంతకన్నా చాలా చౌక అని కొంతమంది అవే పోస్తుంటారు. వాటిలో ఎక్కువ బాసిల్లస్ రకాలు. అవి అడుగు బురదను, మిగిలిన మేతను తింటాయి, అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే పని వాటిది కాదు. లేబుల్ మీద నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ లేదా నైట్రోస్పైరా పేర్లు లేకపోతే వదిలేయండి. పోశాక రెండు రోజులు స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), యూవీ దీపం ఆపి ఉంచాలి.

లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టి ఉన్న పగడపు రాయి) అన్నిటికన్నా వేగం, కానీ మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జీవులు. మన సముద్రంలో పగలగొట్టి తెచ్చిన రాయి ఎంత చౌకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. దానికి బదులు, ఏళ్లుగా ఆరోగ్యంగా నడుస్తున్న తెలిసినవాళ్ల ట్యాంకు నుంచి ఒక రాయో, సంప్ అనే ఫిల్టరు తొట్టిలోని బ్యాక్టీరియా పట్టిన సిరామిక్ ముక్కలు గుప్పెడో ఆ ట్యాంకు నీళ్లలోనే తడిగా తెచ్చుకుంటే సీసా అక్కర్లేదు. ఐప్టేసియా (ట్యాంకంతా పాకే కలుపు ఎనిమోన్) ఉందేమో చూసి తీసుకోండి. ఆ ట్యాంకులో ఈమధ్య జబ్బు వచ్చి ఉంటే మానేయడమే మేలు.

ఏ దారిన వచ్చినా పరీక్ష ఒకటే: సాయంత్రం 2 పీపీఎం అమ్మోనియా పోస్తే మర్నాడు సాయంత్రానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాలి. ఒక్కో డోసు చివరికి 7 పీపీఎం పైచిలుకు నైట్రేట్ అవుతుంది కాబట్టి నాలుగైదు డోసులకే 30 దాటుతుంది. పరీక్ష నెగ్గాక సగం నీళ్లు, అదే ఉప్పుశాతం, అదే వేడి ఉన్నవాటితో మార్చి రెండు చిన్న క్లౌన్ చేపలతో మొదలుపెట్టండి. చేపలు రావడం ఆలస్యమైతే మూడు నాలుగు రోజులకోసారి 1 పీపీఎం పోస్తూ ఉండండి. నీళ్లు మార్చడం మాత్రం చేపలు వచ్చే ముందు రోజుకు వాయిదా వేసుకోండి.