రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో లింఫ్ గ్రంథులు: కొన్ని తీస్తే చాలా, అన్నీ తీయాలా?

సెంటినెల్ బయాప్సీ: రొమ్ములో నీలిరంగు మందు ఎక్కిస్తారు. అది ముందుగా చేరే రెండు మూడు గ్రంథులనే తీసి పరీక్షిస్తారు. పరీక్ష ఖర్చు అదనం, కోలుకోవడం త్వరగా.

పూర్తి తొలగింపు: సాధారణంగా పదికి పైనే తీస్తారు. డ్రెయిన్ గొట్టంతో ఇంటికొచ్చి, రోజూ నీరెంత వచ్చిందో కొలిచి రాసుకోవాలి.

చేతివాపు: మొదటిదానిలో వందలో 5-6 మందికి, రెండోదానిలో 20 మంది దాకా. గాజులు బిగుసుకుంటాయి, జాకెట్టు చెయ్యి పట్టదు. వస్తే పూర్తిగా పోవడం కష్టం. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తేడా ఇదే.

“అన్నీ తీసేస్తేనే సేఫ్” అని ఇంట్లోవాళ్లు పట్టుబడతారు. ఆ టెన్షన్ అర్థమవుతుంది. కానీ ఇదే ప్రశ్నపై జరిగిన జడ్‌0011 అనే అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి: చిన్న గడ్డ, ఒకటి రెండు సెంటినెల్ గ్రంథుల్లోనే క్యాన్సర్, రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో, మిగతావి తీయకపోయినా బతికే అవకాశం తగ్గలేదు.

చేతికి, స్కాన్‌కు గ్రంథులు తగలకపోతే మొదటిది. మూడు, అంతకుమించి గ్రంథులకు పాకినా, కీమో తర్వాత కూడా క్యాన్సర్ మిగిలినా ఎక్కువగా రెండోదే.