షాపింగ్ యాప్ మేలా, బ్రౌజర్ మేలా?

నెల్లూరులో మాది చిన్న మొబైల్ రిపేరు షాపు. డిస్‌ప్లే మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా వెళ్తూ వెళ్తూ ఒకటే అడుగుతున్నారు: "ఊరికే ఒక మిక్సీ చూశానన్నా. వారం నుంచి ఏది తెరిచినా ఆ మిక్సీనే. యాప్ తీసేసి బ్రౌజర్‌లో కొంటే ఆగుతుందా?" పూర్తిగా ఆగదు, కానీ బాగా తగ్గుతుంది. రెండు నెలల కిందట నా ఫోన్‌లో షాపింగ్ యాప్‌లన్నీ తీసేశాను.

దానికి కారణం మా పెదనాన్న. ఆపరేషన్ తర్వాత ఆయనకు పెద్దవాళ్ళ డైపర్లు కావాల్సి వచ్చింది. నా ఫోన్‌లో, షాపింగ్ యాప్‌లోనే వెతికి ఆర్డరు పెట్టాను. కొన్నాళ్ళకు ఇంట్లో నిశ్చితార్థం. బంధువుల మధ్య కూర్చుని పెదనాన్న నా ఫోన్‌లో వార్తల యాప్ తెరిచాడు. వార్త మధ్యలో పెద్ద బొమ్మతో డైపర్ల ప్రకటన. పక్కన కూర్చున్న పిల్లలు కూడా చూశారు. ఆయన ఫోన్ నా చేతికిచ్చేసి, "దీనికి కూడా తెలిసిపోయిందా అబ్బయా?" అన్నాడు మెల్లగా. ఆ సాయంత్రమంతా మళ్ళీ నోరు విప్పలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఒక అడ్వర్టైజింగ్ ఐడీ ఉంటుంది, అంటే ప్రకటనల కోసం ఫోన్‌ను గుర్తుపట్టే ఒక కోడ్. ఫోన్‌లోని యాప్‌లన్నిటికీ అదే ఐడీ. అందుకే ఒక యాప్‌లో మనం చూసిన వస్తువు, దానితో ఏ సంబంధమూ లేని ఇంకో యాప్‌లో ప్రకటనై వస్తుంది. బ్రౌజర్‌లో ఆ పని ఎక్కువగా కుకీలు, అంటే సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తింపు ఫైళ్ళు, చేస్తాయి. అయితే కుకీలను ఆపొచ్చు, మూసేటప్పుడు తుడిచేయొచ్చు. యాప్ లోపల ఏం జరుగుతుందో మనకు కనబడదు.

నా లెక్కలో అసలు తేడా ఇది కూడా కాదు. యాప్‌లో ఒకసారి లాగిన్ అయితే, చూసిన ప్రతి వస్తువూ మన ఫోన్ నెంబరు కింద రాసుకున్నట్టే. కొన్నది మాత్రమే కాదు, రాత్రి పదకొండింటికి చూసి వద్దనుకున్నది కూడా. చాలా కంపెనీలు తమ ఖాతాదారుల నెంబర్లను, ఈమెయిళ్ళను కోడ్‌గా మార్చి ప్రకటనల కంపెనీలకు పంపుతాయి. అక్కడ మనకు అదే నెంబరుతో ఖాతా ఉంటే రెండూ కలిసిపోతాయి. అప్పుడు కుకీలు తుడిచినా లాభం లేదు.

బ్రౌజర్‌లో అయితే చూడటాన్నీ కొనడాన్నీ విడదీయొచ్చు. నేను ఫైర్‌ఫాక్స్‌లో లాగిన్ లేకుండా ఎంతసేపైనా చూస్తాను. మూయగానే అన్నీ తుడిచేసేలా సెట్టింగ్ పెట్టుకున్నాను. ఏది కొనాలో తేలాక ఇంకో బ్రౌజర్‌లో లాగిన్ అయి, కొని, లాగౌట్ అవుతాను. దుకాణానికి కొన్నది ఎలాగూ తెలుస్తుంది. మిగతాది నా పేరు మీద చేరదు.

క్రోమ్‌లోనే చేయొచ్చు కదా అంటారు. మనం తెరిచిన సైటువి కాక వేరే కంపెనీలు పెట్టే కుకీలను క్రోమ్‌లో ఆపేస్తామని గూగుల్ 2020లో చెప్పింది, 2024లో వెనక్కి తగ్గింది. పైగా ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, పెట్టుకోలేం. ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు. బ్రేవ్ అనే బ్రౌజర్ కూడా మంచిదే, మనం చూసేవాటిని వెంటాడే ట్రాకర్లను ఏ సెట్టింగూ మార్చకుండానే ఆపుతుంది.

యాప్ వైపు న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అచ్చం అసలు దుకాణంలాగే కనిపించే నకిలీ సైట్ల లింకులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటిని పోల్చుకోలేని పెద్దవాళ్ళకు ప్లే స్టోర్ నుంచి తీసుకున్న అసలు యాప్ క్షేమం. మా అమ్మ ఫోన్‌లో అందుకే ఒక యాప్ ఉంచాను. లొకేషన్, కాంటాక్టుల అనుమతులు తీసేసి, సెట్టింగ్స్‌లో యాడ్స్ దగ్గర అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేశాను. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో ఇది రెండు నిమిషాల పని.

బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో విండో ఇంట్లోవాళ్ళకు హిస్టరీ కనబడకుండా ఉంచడానికి పనికొస్తుంది. దాంట్లో లాగిన్ అయ్యారంటే దుకాణానికి మీరెవరో తెలిసినట్టే. వీపీఎన్ సర్వీసు సైట్లకు కనబడే మీ ఐపీ అడ్రసును, అంటే ఇంటర్నెట్‌లో మీ చిరునామాను, మారుస్తుంది; మీ ఫోన్ నెంబరును దాచలేదు. ప్రకటనల గొడవకే అయితే డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

పెదనాన్నకు కావాల్సినవి ఇప్పుడు వీధి చివర మందుల షాపులో తెస్తున్నాను. మొదటిసారి బిల్లు వేస్తూ అక్కడి కుర్రాడు, "నెంబర్ చెప్పండి సార్" అన్నాడు. బిల్లుకు ఫోన్ నెంబరు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకు సూచించింది. "నెంబరు లేకుండా వెయ్యి నాయనా" అన్నాను. వేసిచ్చాడు.