కాపలా గుడిసె కప్పు: ఒక వాలా, రెండు వాలులా?

చేను దగ్గర రాత్రి పడుకోవడానికి ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు గుడిసె చాలు. రేకులతో వేసేట్టయితే ఒకవైపు వాలే నయం. వెనక గుంజలు అడుగు పొట్టిగా ఉంటే నీళ్లు నిలవవు. మధ్యలో కొప్పు ఉండదు కాబట్టి అక్కడ కారుతుందన్న టెన్షనూ లేదు. నీళ్లన్నీ ఒకే చూరుకి వస్తాయి; 50 మిల్లీమీటర్ల వానకే 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది. డ్రమ్ము పెట్టకపోతే కింద కాలువ తీయాల్సిందే. లేదంటే ఆ నీళ్లు మంచం కిందకే! నైరుతి వానల జల్లు లోపలికి కొట్టకుండా ఎత్తు వైపు తూర్పుకి పెట్టండి. నెల్లూరు వైపైతే ఈశాన్య వానలు ఎక్కువ, తిరగేయాలి.

తాటాకు కప్పుకి మాత్రం రెండు వాలులే. ఆకుకి 45 డిగ్రీల దాకా వాలు కావాలి, ఒకవైపే అంత లేపితే గాలికి ఆగదు. కాలువలు రెండు పక్కలా తవ్వుకోవాలి, తప్పదు.

అన్నట్టు, రేకుకి మేకు ముడత ఉబ్బు మీదే కొట్టండి, పల్లంలో వద్దు.