షేర్ కొట్టడమా, కాపీ చేయడమా, మన మాట జోడించడమా: ఏది మేలు?

"సొంతంగా రాయడం రానివాళ్ళే పక్కవాళ్ళ పోస్టులు షేర్ చేసుకుంటారు" అనే మాట తరచూ వినబడుతుంది. నేను ఒప్పుకోను. రాసేవాళ్ళు ఎంత అవసరమో, రాసినదాన్ని చేరాల్సిన చోటికి చేర్చేవాళ్ళూ అంతే అవసరం. ఒక మండల పాఠశాల టీచరు తన బడి గురించి నాలుగు పేరాలు రాస్తారు. అవి ఆవిడ ఫ్రెండ్స్ లిస్టు దాటి ఇంకో జిల్లాలో అదే ఇబ్బంది పడుతున్న మరో టీచరుకి అందాలంటే, మధ్యలో ఎవరో ఒకరు పూనుకోవాలి.

అయితే చేర్చడంలో పద్ధతులున్నాయి. ఉన్నదున్నట్టు షేర్ కొట్టడం, రెండు ముక్కలు మన మాట జోడించి పెట్టడం, మొత్తం కాపీ చేసుకుని మన వాల్ మీద పేస్ట్ చేయడం, స్క్రీన్‌షాట్ తీసి పెట్టడం, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయడం. వేలితో చేసే పని అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే. రాసినవాళ్ళకీ చదివేవాళ్ళకీ వచ్చే ఫలితం మాత్రం చాలా తేడా.

షేరా, కాపీ పేస్టా

తెలుగువాళ్ళ మధ్య ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

ఒకావిడ తన చిన్ననాటి వేసవి సెలవుల గురించి ఒక పోస్టు రాస్తుంది. చివర తన పేరు పెట్టుకుంటుంది. మర్నాటికి అది ఇంకో వాల్ మీద కనబడుతుంది. చివర పేరు ఉండదు, "సేకరణ" అని ఉంటుంది, పక్కన రెండు నమస్కారం బొమ్మలు. అక్కడి నుంచి తీసుకున్నవాళ్ళు "ఎవరు రాశారో గానీ అద్భుతం" అని మొదలుపెడతారు. వారం తిరిగేసరికి "వాట్సాప్ సౌజన్యంతో" అన్న తోకతో కుటుంబం గ్రూపుల్లోకి చేరుతుంది. నాకు తెలిసిన ఒక రచయిత్రికి తన కథే ఆడపడుచు పంపింది, "వదినా, ఇది చదువు, అచ్చం నువ్వు రాసినట్టే ఉంది" అని. ఆవిడ నవ్వి ఊరుకోలేదు. చాలా బాధపడింది. కొన్నాళ్ళపాటు ఫేస్‌బుక్‌లో ఏమీ రాయలేదు. పేరు తీసేసిన ప్రతిసారీ అలా ఒక రచయిత వెనక్కి తగ్గే అవకాశం ఉందని కాపీ చేసేవాళ్ళకి తట్టదు. బాగుందన్న అభిమానంతోనే చేస్తారు, దురుద్దేశం ఉండదు. కానీ ఆ అభిమానం రాసినమనిషికి అందదు.

చట్టం మాటకొస్తే, మన 1957 కాపీరైట్ చట్టం కింద రచనను రిజిస్టర్ చేయించకపోయినా హక్కు రాసినవాళ్ళదే. ఫేస్‌బుక్‌లో అందరికీ కనబడేలా పెట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు.

పేరొక్కటే కాదు, షేర్‌కి ఇంకో పెద్ద లాభం ఉంది. ఫేస్‌బుక్‌లో షేర్ చేసిన పోస్టు అసలు పోస్టుతో ముడిపడి ఉంటుంది. రాసినవాళ్ళు తప్పు దిద్దితే, దిద్దిన రూపమే మీ షేర్‌లోనూ కనబడుతుంది. ఒకరు షుగరుకి ఇంటి వైద్యం రాశారనుకోండి. కామెంట్లలో ఒక డాక్టరు "ఇది మందులతో పాటు వాడితే షుగర్ మరీ పడిపోతుంది" అని హెచ్చరించారు, రాసినాయన పోస్టు మార్చేశారు. షేర్ చేసినవాళ్ళ దగ్గరా మారిపోతుంది, డాక్టరు మాట చూడాలన్నా ఒక్క నొక్కుతో అసలు పోస్టుకి వెళ్ళొచ్చు. కాపీ చేసుకున్న యాభై మంది దగ్గర మాత్రం పాత తప్పే నిలిచిపోతుంది.

మరి కాపీ చేసేవాళ్ళ పక్షాన చెప్పుకోదగ్గది లేదా? ఉంది. అసలు పోస్టు స్నేహితులకి మాత్రమే కనబడేలా పెట్టి ఉంటే, మీరు షేర్ చేసినా మీవాళ్ళలో చాలామందికి అది కనబడదు. రాసినవాళ్ళు తర్వాత తీసేస్తే మీ వాల్ మీద ఖాళీ పెట్టె మిగులుతుంది. అందుకే కొందరు రచయితలు తామే "కాపీ చేసుకోండి, పేరు ఉంచండి" అంటారు. అలాంటప్పుడు కాపీ చేయండి. కానీ పేరు మొదటి లైన్‌లోనే పెట్టండి. చివర పెట్టిన పేరు "ఇంకా చదవండి" కింద దాగిపోతుంది, తర్వాత కాపీ చేసేవాళ్ళు అక్కడిదాకా రారు. అసలు పోస్టు లింకు కూడా ఇవ్వండి. అడగకుండా, పేరు లేకుండా పెట్టే కాపీ కంటే అసలు పంచుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

స్క్రీన్‌షాట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎవరో పెద్దమనిషి అన్న మాట తీసేస్తారన్న అనుమానం ఉంటే సాక్ష్యంగా పనికొస్తుంది. మిగతా అన్ని సందర్భాల్లో నష్టమే. తేదీ కత్తిరించుకుపోతుంది, వెతికితే దొరకదు, చూపు లేనివాళ్ళ ఫోను మామూలు పోస్టును చదివి వినిపించినంత సులువుగా బొమ్మలోని తెలుగును చదవలేదు.

ఉత్త షేరా, మాట జోడించిన షేరా

ట్విట్టర్ తొలి రోజుల్లో ఎదుటివాళ్ళ మాటను ఒక్క నొక్కుతో పంచుకునే రీట్వీట్ బటన్ లేదు. ఎదుటివాళ్ళ మాట నచ్చితే ముందు "ఆర్‌టీ" (రీట్వీట్) అని టైపు చేసి, వాళ్ళ పేరు పెట్టి, మాట కాపీ చేసుకునేవాళ్ళు. ఆ కాస్త శ్రమలో ఒక ఆలోచన కూడా కలిసేది. 2009 నవంబరులో బటన్ రావడం మొదలైంది. దాన్ని కట్టిన బృందానికి నాయకత్వం వహించిన క్రిస్ వెదరెల్ పదేళ్ళ తర్వాత, నాలుగేళ్ళ పిల్లాడి చేతికి గుండు నింపిన తుపాకీ ఇచ్చామేమో అన్న అర్థంలో మాట్లాడాడు. 2015లో సొంత మాట జోడించే కోట్ ట్వీట్ వచ్చింది.

2020 అక్టోబరులో, అమెరికా ఎన్నికల ముందు, ట్విట్టర్ ఒక ప్రయోగం చేసింది. రీట్వీట్ నొక్కగానే ముందు మీ మాట రాసే పెట్టె తెరుచుకునేలా మార్చింది. జనం ఆలోచించి రాస్తారని ఆశ. జరిగింది వేరు. జోడించిన వ్యాఖ్యల్లో 45 శాతం ఒక్క పదం, అదీ అవును, బాగుంది అనే తరహావే. 70 శాతం వ్యాఖ్యల్లో 25 అక్షరాలు కూడా లేవు. మొత్తం షేర్లు మాత్రం 20 శాతం తగ్గాయి. డిసెంబరులో ఆ మార్పు వెనక్కి తీసుకున్నారు. చాలామంది దీన్ని విఫల ప్రయోగం అంటారు గానీ, నాకు దీంట్లో రెండు సంగతులు కనబడతాయి. ఒక్క క్షణం ఆపితే ఐదింట ఒక వంతు షేర్లు జరగనే లేదు, అంటే అవి అంత అవసరమైనవి కావు. రెండోది, "సూపర్", "నిజం" అనడం మాట జోడించడం కిందికి రాదు.

ఏం జోడిస్తే విలువ పెరుగుతుందో మనందరికీ 2021 ఏప్రిల్, మే నెలల్లో తెలిసొచ్చింది. కరోనా రెండో వేవ్ అది. బెడ్లు, ఆక్సిజన్, రెమ్‌డెసివిర్ కోసం పోస్టులే పోస్టులు. "సిలిండర్లు ఉన్నాయి, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని వందలమంది షేర్ చేసిన పోస్టు పట్టుకుని ఫోన్ చేస్తే స్విచాఫ్. ఒక్కోసారి ఆ నంబరు మనిషే "అయిపోయి మూడు రోజులైంది, దయచేసి ఆపండి" అని బతిమాలేవాడు. అదే పోస్టుకి ఇంకొకరు ఇలా రాసి పెడతారు: "సాయంత్రం నాలుగున్నరకి మాట్లాడాను. రెండే ఉన్నాయి. డాక్టరు చీటీ, ఆధార్ కాపీ అడుగుతున్నారు. డిపాజిట్ కట్టాలి." ఎన్ని ఉత్త షేర్లైనా ఈ నాలుగు ముక్కలకి సమానం కావు. సమాచారం కనిపెట్టింది ఈయన కాదు, అయినా దాన్ని పనికొచ్చేలా చేసింది ఈయనే. ఆ రోజుల్లో ఏ హోదా లేని కుర్రాళ్ళు, ఆడపిల్లలు రాత్రంతా ఫోన్లు చేసి, టైము వేసి, అయిపోయినవి కొట్టేస్తూ పోస్టులు పెట్టారు. ఎదుటివాళ్ళ పోస్టు పంచుకోవడం ఎంత గొప్ప పని కాగలదో చెప్పమంటే నేను వాళ్ళనే చూపిస్తాను.

రక్తం కావాలన్న పోస్టులకీ ఇదే వర్తిస్తుంది. ఆసుపత్రి, ఊరు, గ్రూపు, తేదీ ఉండాలి. "ఈరోజే" అని రాసిన పోస్టు రెండేళ్ళ తర్వాత కూడా అదే "ఈరోజే"తో తిరుగుతూ ఉంటుంది. షేర్ అయితే అసలు తేదీ కనబడుతుంది, కాపీ అయితే అదీ ఉండదు.

కొన్నిచోట్ల ఉత్త షేరే మేలు. తుఫాను గురించి వాతావరణ శాఖ పెట్టిన హెచ్చరికకి మన కవిత్వం అక్కర్లేదు. అలాగే ఒక మనిషి తనకు జరిగిన అన్యాయాన్ని, తన ఇంట్లో చావుని రాసుకున్నప్పుడు, దాని పైన మన అభిప్రాయం ఎక్కిస్తే చదివేవాళ్ళ చూపు మన మీదికి మళ్ళుతుంది. అక్కడ ఆ మనిషి గొంతే వినబడాలి. కొత్తగా బొమ్మలు వేస్తున్నవాళ్ళకి, చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ళకి ఉత్త షేర్ కూడా ఎంతో సాయం. "నేను కొన్నాను, బాగుంది" అని నిజంగా చెప్పగలిగితే ఇంకా మంచిది.

తిట్టడానికి షేర్ చేయడం మాత్రం నాకు నచ్చదు. చెత్త పోస్టుని ఎత్తిచూపుతూ మనం పది మాటలు రాస్తే, ఆ చెత్త మనవాళ్ళందరికీ చేరుతుంది. వాళ్ళలో సగంమంది మన మాట వదిలేసి దాన్నే చదువుతారు. ఖండించాలనుకుంటే వాళ్ళ పోస్టు తగిలించకుండా విషయం రాసుకుంటే సరిపోతుంది.

లైకా, షేరా, ఫార్వర్డా

చట్టం దృష్టిలో ఇవి ఒకటి కావు. తమిళనాడులో నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే ఒక పోస్టును షేర్ చేశారు. చదవకుండా ఫార్వర్డ్ చేశానని చెప్పుకున్నారు. ఫార్వర్డ్ చేయడమంటే ఆ మాటను ఒప్పుకున్నట్టే అని మద్రాసు హైకోర్టు అంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. 2025లో అలహాబాద్ హైకోర్టు, లైక్ కొట్టడం ప్రచురించడం కిందికి రాదు, షేర్ చేస్తే అది వేరే సంగతి అని తేడా చెప్పింది. కాబట్టి చదవని పోస్టుకి లైక్ కొట్టి ఊరుకోవచ్చు, షేర్ మాత్రం వద్దు.

చదవకుండా షేర్ చేయడం అరుదైన సంగతి కాదు. ఫేస్‌బుక్‌లో 2017 నుంచి 2020 వరకు లింకులున్న మూడున్నర కోట్ల పోస్టులను పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించారు. షేర్లలో దాదాపు 75 శాతం ఆ లింకు తెరవకుండా చేసినవే.

వాట్సాప్ ఫార్వర్డ్ వీటన్నిటికంటే ప్రమాదం. ఫేస్‌బుక్ షేర్‌లో రాసినవాళ్ళ పేరుంటుంది, తేదీ ఉంటుంది, కింద కామెంట్లుంటాయి. ఫార్వర్డ్‌లో ఇవేవీ ఉండవు, పంపినవాళ్ళ మీద నమ్మకం ఒక్కటే ఉంటుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న ఫార్వర్డ్‌లు తెలంగాణ, ఆంధ్ర ఊళ్ళల్లో తిరిగాయి. కొత్తవాళ్ళు కనబడితే కొట్టారు, అమాయకుల ప్రాణాలు పోయాయి. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళను ఊరూరికీ పంపి, జానపద పాటలతో, డప్పులతో ఆ పుకార్లను అడ్డుకున్నారు. ఫోనులో వచ్చిన అబద్ధాన్ని ఊరి మధ్యన నిలబడి మనిషి చెప్పిన మాటతో ఎదుర్కొన్నారన్నమాట. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి ప్రకటించింది. 2020 ఏప్రిల్ నుంచి, అప్పటికే ఐదు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజ్‌ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. దాంతో అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది. ఆ రెండు బాణాలు కనబడితే నేను ఫార్వర్డ్ చేయను. విషయం ముఖ్యమైనదైతే అసలు వార్త ఎక్కడుందో వెతికి ఆ లింకు పంపుతాను. దొరక్కపోతే పంపను.

తప్పని తేలాక తీసేయాలా, దిద్దాలా

చాలామంది చప్పుడు చేయకుండా డిలీట్ చేస్తారు. అంతకంటే దిద్దడం మేలంటాను. డిలీట్ చేస్తే చూడబోయేవాళ్ళకి మాత్రమే ఆగుతుంది, అప్పటికే చూసి నమ్మినవాళ్ళ సంగతి అలాగే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో అయితే షేర్ పైన మన మాటను మార్చి, మొదటి లైన్‌లోనే "ఇది నిజం కాదని తేలింది" అని రాసి, ఆధారం లింకు పెట్టి ఒకట్రెండు రోజులు ఉంచాలి. ఎవరికైనా హాని చేసేదైతే మాత్రం ముందు తీసేసి, ఆ సంగతి వేరే పోస్టులో చెప్పాలి. వాట్సాప్‌లో అందరి దగ్గర్నుంచీ డిలీట్ చేసే వీలు రెండు రోజుల పైచిలుకే ఉంటుంది, అదీ మీరు పంపిన గ్రూపు వరకే. గడువు దాటితే ఆ పాత మెసేజ్‌కే రిప్లై ఇచ్చి రాయండి, దేని గురించో అందరికీ తెలుస్తుంది. తప్పిపోయిన బాబు దొరికినా, రక్తం అందినా అంతే. "బాబు ఇంటికి చేరాడు, ఇక ఈ పోస్టు షేర్ చేయకండి" అని అదే పోస్టు మొదట్లో రాసిపెడితే, ఆ ఇంటి ఫోనుకి నెలల తరబడి కాల్స్ రాకుండా ఉంటాయి.