ఏడాది ఫ్యాషన్ డిజైన్ డిప్లొమా, బెంగళూరు: ఎవరికి పనికొస్తుంది?

అనంతపురంలో బీకామ్ అయ్యాక బెంగళూరు వచ్చి, జయనగర్ వైపు ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది ఫ్యాషన్ డిజైన్ డిప్లొమా చేశాను. ఇప్పుడు పీణ్యలో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీ శాంప్లింగ్ సెక్షన్‌లో, అంటే బయ్యర్‌కు చూపించే నమూనా దుస్తులు తయారుచేసే చోట, ఉద్యోగం. ధర్మవరం, హిందూపురం, మదనపల్లి నుంచి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి "పాపను డిగ్రీలో చేర్చాలా, డిప్లొమా చాలా?" అని అడుగుతూనే ఉంటారు. ఫోన్లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు. అందుకే నేను చదివిన కోర్సు గురించి వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతిలో ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉండి, ఈ పని నేర్చుకుని సంపాదనలో పడాలనుకునేవాళ్ళకు ఈ కోర్సు పెట్టిన డబ్బుకు తగినదే. ఇంటర్ ఇప్పుడే పూర్తిచేసిన పిల్లలకు మాత్రం ఈ ఒక్క సర్టిఫికెట్‌ను నమ్ముకోమని చెప్పలేను. 5కి మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరలో మూడు ప్యాటర్న్ క్లాసుకే. ప్యాటర్న్ అంటే గుడ్డ కత్తిరించే ముందు కొలతలతో కాగితం మీద గీసుకునే ముక్కలు.

ప్యాటర్న్ చెప్పిన మేడమ్ గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. మా వైపు ఆది జాకెట్టు ఇస్తే దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరించేస్తారు. ఆవిడ క్లాసులో ఆది జాకెట్టు మాటే లేదు. ఒంటి కొలతలు తీసుకుని బ్రౌన్ పేపర్ మీద బ్లాక్, అంటే మూల నమూనా గీయాలి, దాన్ని కోరా గుడ్డలో కుట్టాలి, మనిషికి వేసి చూడాలి. ఒకరోజు నా పక్కన కూర్చునే తమిళమ్మాయి కుట్టిన జాకెట్టు చంకలో పట్టేసింది. చంక దగ్గర ఇంకాస్త కిందికి కోస్తే వదులవుతుందని క్లాసంతా ఒకే మాట. మేడమ్ సరే కోయమన్నారు. కోశాక చెయ్యి పైకెత్తమన్నారు. చెయ్యితో పాటు జాకెట్టు అంచు కూడా నడుము వదిలేసి పైకి లేచిపోయింది. అప్పుడు ఇంకో ముక్క తీసుకుని ఆర్మ్‌హోల్‌ను, అంటే చెయ్యి అతికే గుండ్రటి కోతను పైకి, చంకకు దగ్గరగా తెచ్చారు. చేతి ముక్క పైన గోపురంలా ఉండే భాగం ఎత్తు తగ్గించి, దండ దగ్గర వెడల్పు పెంచారు. పిన్నులు పెట్టి మళ్ళీ చెయ్యెత్తమంటే జాకెట్టు ఉన్నచోటే ఉంది.

ఆర్మ్‌హోల్ కిందికి దిగేకొద్దీ చెయ్యి, పక్కభాగం ఒకే ముక్కలా పనిచేస్తాయి. అందుకే చెయ్యి లేస్తే గుడ్డంతా లేస్తుంది. ఇది పుస్తకంలో చదివితే నాకు ఎక్కేది కాదు. ఇప్పుడు కంపెనీలో ఫిట్ కామెంట్స్ వచ్చినప్పుడు, "చెయ్యి దగ్గర లాగుతోంది" అని బయ్యర్ రాస్తే ఎక్కడ విప్పాలో నాకు వెంటనే తెలుస్తుంది. ఆ క్లాసు పెట్టిన భిక్షే అది.

గుడ్డ ముడుచుకునే లెక్క కూడా ఆవిడే నేర్పారు. కాటన్ ఉతికితే 5 శాతం తగ్గుతుందనుకోండి. ఉతికాక 40 ఇంచుల పొడవు నిలవాలంటే ప్యాటర్న్ 42 ఇంచులకు కాస్త పైనే గీయాలి. అడ్డం, నిలువు ఒకేలా ముడుచుకోవు, రెండూ విడివిడిగా కొలవాలి. డిజైనింగ్ అంటే బొమ్మలు గీయడమని చేరినవాళ్ళు సరిగ్గా ఇక్కడే విసుక్కున్నారు. నా వరకు ఉద్యోగం తెచ్చిపెట్టింది ఈ లెక్కలే.

మెటీరియల్ తెలుసుకోవడానికి చిక్‌పేట పంపేవాళ్ళు. మెట్రో దిగి సందుల్లోకి వెళ్తే చాలా దుకాణాల్లో తెలుగులో మాట్లాడినా పని జరుగుతుంది. పన్నా (గుడ్డ వెడల్పు) ఎంత, జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు) ఎంత, రంగు దిగుతుందా అని అడిగి, చిన్న ముక్కలు తెచ్చి ఫైల్లో అతికించాలి. గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసే అలవాటు నాకు అక్కడే అయింది. బెంగళూరులో చదవడంలో ఉన్న లాభం ఇదే. హోల్‌సేల్ గుడ్డ ఒక చివర, పీణ్య, బొమ్మనహళ్ళి ఫ్యాక్టరీలు ఇంకో చివర, రెండూ బస్సు దూరంలో ఉంటాయి.

ఇక లోపాలు. కంప్యూటర్ ల్యాబ్‌లో సిస్టమ్స్ తక్కువ. గ్రేడింగ్, అంటే ఒక సైజు ప్యాటర్న్ నుంచి మిగతా సైజులు తీయడం, చివర్లో హడావుడిగా ముగించేశారు. ఫ్యాక్టరీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగే పని అదే మరి. డ్రేపింగ్, అంటే గుడ్డను నేరుగా బొమ్మ మీద వేసి ఆకారం తేవడం, పేరుకు చెప్పారు. టెక్స్‌టైల్ సైన్సు, దుస్తుల చరిత్ర పైపైన తాకి వదిలేశారు. ఫీజు లక్షా అరవై వేలు. గుడ్డ, దారాలు, ప్రింటవుట్లు, చివరి ఫ్యాషన్ షో ఖర్చు మనదే. షోలో మోడళ్ళకు, మేకప్‌కు ఒక్కో స్టూడెంట్ పెట్టిన డబ్బు చూసి నాకు కడుపు మండింది. ఆ డబ్బుతో అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్లు ఇంకో రెండు కొని ఉంటే, వంతు కోసం వరండాలో నిలబడే బాధ తప్పేది. అడ్మిషన్ రోజు చెప్పిన "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" చివరికి బొటిక్‌లలో స్టైపెండ్ మీద ఇంటర్న్‌షిప్‌గా తేలింది. నా ఉద్యోగం నేనే కుట్టిన శాంపిళ్ళు సంచిలో పెట్టుకుని తిరిగి తెచ్చుకున్నదే.

అన్నిటికంటే ముఖ్యమైనది సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉందన్నది. మాది ఇన్‌స్టిట్యూట్ పేరుతో ఇచ్చిన కాగితం, యూనివర్సిటీది కాదు. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం యూనివర్సిటీలకూ, పార్లమెంటు ప్రత్యేకంగా ఆ అధికారం ఇచ్చిన సంస్థలకూ మాత్రమే ఉంది. 1986లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్‌కు 2006లో చేసిన చట్టంతో అలాంటి హోదా వచ్చింది. కాబట్టి ఏ ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ అయినా "మా దగ్గర డిగ్రీ ఉంది" అంటే, ఏ యూనివర్సిటీ ఇస్తుందో కాగితం మీద చూపించమనండి.

మా కంపెనీలో హెచ్ఆర్ ఫారమ్‌లో క్వాలిఫికేషన్ గడి ఉంటుంది. అందులో నేను బీకామ్ అని రాశాను, సరిపోయింది. నాతో డిప్లొమా చేసిన ఒకమ్మాయి ఇంటర్ తర్వాత నేరుగా వచ్చింది. పనిలో నాకంటే చురుకు, చెయ్యి చాలా శుభ్రం. అయినా బయ్యర్లతో మాట్లాడి ఆర్డర్లు చూసుకునే మర్చండైజర్ పోస్టుకు అప్లై చేస్తే ఏదైనా డిగ్రీ ఉండాలన్నారు. ఎండెస్ (డిజైన్‌లో పీజీ) చేయాలన్నా, గవర్నమెంటు ఉద్యోగం రాయాలన్నా ఆ అమ్మాయికి అదే గోడ అడ్డం వస్తుంది. ఇది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పదిహేడేళ్ళ పిల్లకు ఈ సంగతి అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తను ఇగ్నోలో బీఏ కట్టింది, ఉద్యోగం చేసుకుంటూ చదువుతోంది. డిప్లొమాతో పాటే దూరవిద్య డిగ్రీ మొదలుపెట్టి ఉంటే తనకు ఏళ్ళు కలిసొచ్చేవి. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉండి డిప్లొమానే దారి అయినవాళ్ళు ఆ డిగ్రీ కూడా డిప్లొమాలో చేరిన ఏడాదే మొదలుపెట్టండి.

మొన్న ధర్మవరం నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. కూతురు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం.

"ఏమ్మా, డిప్లొమా అంటే దర్జీ పనే కదా, దానికి బెంగళూరు దాకా ఎందుకు?" అంది.

"చిన్నమ్మా, దర్జీ పని చిన్నదేం కాదు. చిన్నాయన చీర మీద బుటా ఎక్కించే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు లెక్కపెట్టి గీయించి, దాని ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టిస్తాడు కదా. అది డిజైన్ కాదా?" అన్నాను.

"అదీ నిజమేలే. మరి పిల్లను ఏం చదివించమంటావు?"

ఆ పిల్లకు చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను. ఇంటర్ పిల్లలు మొదట నిఫ్ట్‌కు రాయాలి. మనకు దగ్గర్లోనే బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో, హైదరాబాద్ మాదాపూర్‌లో, చెన్నై తరమణిలో క్యాంపస్‌లు ఉన్నాయి. అక్కడి డిజైన్ డిగ్రీ బీడెస్, నాలుగేళ్ళు. ఎంట్రన్స్‌లో బొమ్మలు గీసే పరీక్ష ఒకటి, జనరల్ ఎబిలిటీ ఒకటి, ఆ తర్వాత ఇచ్చిన వస్తువులతో ఒక మోడల్ తయారుచేసే సిట్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. మన ఎంపీసీ ఇళ్ళలో చాలామందికి తెలియనిది, అదే నిఫ్ట్‌లో బీఎఫ్‌టెక్ అనే ఇంకో నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. దుస్తుల తయారీ, ఫ్యాక్టరీ నిర్వహణ, క్వాలిటీ, ఖర్చుల లెక్కలు దాని సబ్జెక్టులు. దానికి ఇంటర్లో లెక్కలు ఉండాలి, డ్రాయింగ్ పరీక్ష ఉండదు. బొమ్మలు రావని వెనకాడే పిల్లలకు ఇది మంచి దారి. ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ వైపు కూర్చున్నవాళ్ళ విలువ నేను రోజూ చూస్తున్నాను.

ఖర్చు మాత్రం తక్కువేం కాదు, నాలుగేళ్ళకు ఫీజే పది లక్షలు దాటుతుంది. అంత పెట్టి ఏం వస్తుందంటే నేను చూసింది చెప్తాను. మా డిజైన్ టీమ్‌లో ఉన్న నిఫ్ట్ అమ్మాయికి చేరిన కొత్తలో మిషన్ మీద నా అంత వేగం లేదు. కానీ వచ్చే సీజన్‌కు ఒక బయ్యర్‌కు ఏం చూపించాలో ముప్పై స్టైళ్ళు ఒక వరసలో ఆలోచించి పెడుతుంది. ఏ గుడ్డ ఎందుకో, ధర ఎక్కడ తెగుతుందో ఎదుటివాళ్ళకు చెప్పి ఒప్పిస్తుంది. ఇండస్ట్రీ ఇంటర్న్‌షిప్, గ్రాడ్యుయేషన్ ప్రాజెక్టు చేసి వచ్చింది కాబట్టి ఆ నిదానం ఉంది. మాకు ఏడాదిలో ఒక కలెక్షన్ పూర్తిచేయడానికే ఊపిరాడలేదు.

నిఫ్ట్ రాకపోతే యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీల్లో బీఎస్సీ ఫ్యాషన్ కోర్సులు చూడొచ్చు, ఫీజు చాలా తేడా ఉంటుంది. పదో తరగతి పిల్లలైతే పాలిసెట్ రాసి గార్మెంట్ టెక్నాలజీలో చేరే దారి కూడా ఉంది. అది రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి ఇచ్చే డిప్లొమా. పేరు ఒకటే కదా అని దాన్నీ మా ఏడాది సర్టిఫికెట్‌నూ ఒకే గాటన కట్టకండి.

డిగ్రీ ఉన్నవాళ్ళు, పెళ్ళయ్యాక సొంతంగా బొటిక్ పెట్టాలనుకునే అక్కలు, ఇప్పటికే మగ్గం వర్క్ చేస్తూ కటింగ్ రాక మాస్టర్ మీద ఆధారపడుతున్నవాళ్ళు ఏడాది డిప్లొమాకు నిశ్చింతగా వెళ్ళొచ్చు. చేరేముందు వారం మధ్యలో, క్లాసులు నడుస్తున్న రోజు వెళ్ళండి. మిషన్ల గదిలో ఎన్ని మిషన్లు తిరుగుతున్నాయో కళ్ళారా చూడండి. వారానికి ప్యాటర్న్‌కు ఎన్ని గంటలో టైమ్ టేబుల్ అడగండి. డెమో క్లాసు అంటూ స్కెచింగ్ చూపించి పంపిస్తారు. ప్యాటర్న్ క్లాసులో ఒక గంట కూర్చోబెట్టమని అడగండి. ఒప్పుకోకపోతే ఫీజు కట్టకుండా ఇంకో చోటు చూసుకోండి.