జేబీఎల్ క్లబ్ 6520: 92 డీబీ వెనకున్న లెక్క

కారులో విడిగా ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టకుండా డోర్ స్పీకర్లు మాత్రమే మార్చుకునేవాళ్లకి ఈ 6.5 అంగుళాల కోయాక్సియల్ (వూఫర్ మధ్యలోనే ట్వీటర్ ఉండే) జత బాగా కుదురుతుంది. 50 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్), 3 ఓంలు (ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డు), 92 డీబీ (సెన్సిటివిటీ, అంటే ఎంత మోత ఇస్తుందన్నది). షాపులో అందరూ వాట్లు చూసే బేరమాడతారు. చెవికి తెలిసే తేడా మాత్రం మిగతా రెండు అంకెల్లోనే ఉంది.

ఆ 92 డీబీ 2.83 వోల్టుల దగ్గరి కొలత. ఆ వోల్టేజీ 8 ఓంల స్పీకర్‌కి 1 వాటు, దీనికి 2.67 వాట్లు. 1 వాటు లెక్కకి దించితే సుమారు 87.7 డీబీనే. కాబట్టి 1 వాటుకి 90 డీబీ ఇచ్చే 4 ఓంల స్పీకర్‌తో పోల్చి, 92 పెద్దది కదా అని దీన్ని కొనకండి. అదే 2.83 వోల్టులకి ఆ స్పీకర్ 93 డీబీ ఇస్తుంది! కొలత వోల్టుల్లోనా వాట్లలోనా అన్నది తప్పకుండా చూసుకోవాలి.

మరి 3 ఓంల వల్ల లాభమేంటి? బాక్సు మీద 50×4 (నాలుగు ఛానెళ్లకి తలా 50 వాట్లు) అని ఉన్నా, మామూలు స్టీరియో 4 ఓంలకి నికరంగా ఇచ్చేది ఛానెల్‌కి 20 వాట్ల చిల్లరే. దాని వోల్టేజీ పెరగదు, స్పీకర్ ఓంలు 4 నుంచి 3కి తగ్గితే కరెంటు మూడో వంతు ఎక్కువ లాగుతుంది. ఎఫిషియెన్సీ (1 వాటుకి వచ్చే మోత) సమానమైతే 4 ఓంల దానికన్నా 1.25 డీబీ ఎక్కువొస్తుంది. ఆ కరెంటుకి స్టీరియో వేడెక్కడమూ ఎక్కువే. మాన్యువల్‌లో 4–8 ఓంలు అని ఉంటే, మే నెల ఎండలో ఫుల్ వాల్యూమ్ పెట్టి గంటలకొద్దీ నడపొద్దు. ఒకే ఛానెల్‌కి రెండు స్పీకర్లు ప్యారలల్‌గా అసలే కలపొద్దు. అది 1.5 ఓంలు, స్టీరియో ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది.

స్పీకర్‌కి పెట్టిన మల్టీమీటర్‌లో 3 ఓంల కన్నా తక్కువ చూపిస్తే కంగారు పడక్కర్లేదు, అది కాయిల్ డీసీ రెసిస్టెన్స్. వైరు మాత్రం పట్టించుకోండి. రానూపోనూ 8 మీటర్ల 22 గేజ్ రాగి తీగ 0.42 ఓం. దాంతోనే దాదాపు 1.1 డీబీ పోయి, పైన వచ్చిన లాభం చేతికి రాదు. దానికన్నా లావైన 18 గేజ్ వేస్తే నష్టం అర డీబీ లోపే.

ప్లస్, మైనస్ అనుమానమైతే 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి జరిగితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. ఒక డోర్‌లో తిరగబడితే బేస్ చచ్చిపోతుంది, నింద స్పీకర్ మీద పడుతుంది. పాత స్పీకర్లకున్న 200 మైక్రోఫారడ్ బేస్ బ్లాకర్లు (బేస్‌ని ఆపే కెపాసిటర్లు) కూడా తీసేయండి. 4 ఓంలకి 200 హెర్ట్జ్ దగ్గర కోసేవి, 3 ఓంలకి 265 దగ్గరే కోసేస్తాయి.