గాంధీనగర్ అద్దె ఫ్లాటు (కాకినాడ): అంతా బానే ఉంది, నీళ్ళు తప్ప

ముందే చెప్పేస్తున్నా, ఇది చాలావరకు నీళ్ళ మీద కడుపుమంటతో రాస్తున్న రివ్యూ. డబుల్ బెడ్రూమ్, మూడో అంతస్తు, తూర్పు గుమ్మం, లిఫ్టు, బండికి చోటు, ఇవన్నీ టూలెట్ బోర్డు మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. గాంధీనగర్ గురించి కూడా కాకినాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, స్కేలు పెట్టి గీసినట్టుండే రోడ్లు, పార్కు, భానుగుడి జంక్షన్ దగ్గర, పాపకి ట్యూషన్ నడిచెళ్ళే దూరం. దిగిన కొత్తలో చుట్టాలకి ఫోన్లు చేసి మరీ చెప్పాను, ఇల్లంటే ఇదీ అని. ఓనర్ అమెరికాలో ఉంటారు, రోజూ తలుపు కొట్టి మేకులెందుకు కొట్టారు అనేవాళ్ళు లేరు, అంతకంటే హాయేముంది అనుకున్నాం.

బోర్డు మీద ఇంకో లైను కూడా ఉండేది, 24 గంటలూ నీళ్ళు అని. అబద్ధం కాదండి, నిజంగానే వస్తాయి, కాకపోతే ఉప్పు బోరు నీళ్ళు. సముద్రం పక్కన ఊరు, బోరేస్తే తియ్యటి నీళ్ళెక్కడివమ్మా అని మా అత్తయ్య నన్నే అంటారు, సరే, కానీ కార్పొరేషన్ వాళ్ళ గోదారి నీళ్ళు మా వీధిలోకీ వస్తున్నాయి కదా, వాటిని సంపులో పట్టి పైకి ఎక్కించుకునే అపార్ట్‌మెంట్ పక్క సందులోనే ఉంది. మా దాంట్లో ఆ కుళాయి కింద వాచ్‌మన్ గది పక్కన ఒక్కటే, పొద్దున్న వదిలినప్పుడు బిందెలు పట్టుకెళ్ళి లైన్లో నిలబడాలి. సంపుకి కలపండి అంటే మీటింగులో చూద్దాం చూద్దాం అంటారు, అద్దెకున్నవాళ్ళ మాట అక్కడ ఎవరికి కావాలి. వేసవిలో కాలవలు కట్టేశాక ఊరికి సామర్లకోట, అరట్లకట్ట చెరువుల్లో నిలవ పెట్టిన నీళ్ళే దిక్కు, అప్పుడు ఆ ఒక్క కుళాయి వచ్చే టైమూ తగ్గిపోతుంది.

బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్ల చుట్టూ తెల్లటి పొర, జుట్టు సంగతి చెప్పను. నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపించే టీడీఎస్ మీటర్ తెప్పించి పెడితే లీటరుకి రెండు వేల మిల్లీగ్రాములు దాటింది. తాగే నీళ్ళకి 500 లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 2000 వరకు ఫర్వాలేదని బీఐఎస్ (మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ) లెక్క. ఆర్వో ఫిల్టర్ పెట్టిద్దామంటే బిగించడానికొచ్చిన కుర్రాడే, ఈ నీళ్ళకి లోపల ఉప్పు ఆపే పొర, మెంబ్రేన్, ఎక్కువ రోజులు ఆగదు మేడమ్, పైగా బిందెడు మంచినీళ్ళకి అంతకు రెండింతలు బయటకి పోతాయి అన్నాడు. టిన్ను నీళ్ళే కొనుక్కుంటున్నాం.

ఇవన్నీ ఓర్చుకున్నాను, గీజర్ దగ్గర మాత్రం ఓర్పు పోయింది. కార్తీకమాసం, అత్తయ్య తెల్లారకుండానే తలస్నానానికి స్విచ్ వేశారు, టప్‌మని ఇల్లంతా చీకటి. ఎన్నిసార్లు మెయిన్ స్విచ్ ఎత్తినా మళ్ళీ పడిపోతోంది. వీధిలో కరెంటు ఉందో లేదో మా ఆయన బాల్కనీలోంచి చూస్తుండగానే కింద ఫ్లాటు పిన్నిగారు పైకొచ్చేశారు, మీ బాత్రూమ్ నీళ్ళు మా సీలింగ్‌లోంచి కారుతున్నాయమ్మా, మొన్న దసరాకే పీఓపీ చేయించాం అని. పాపం ఆవిడ గట్టిగా కూడా అనలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది. చూస్తే గీజర్ అడుగంతా తుప్పు, నీళ్ళు గోడ వెంటే దిగుతున్నాయి.

మెకానిక్ వచ్చి విప్పితే లోపల ఎలిమెంట్ ఒకచోట చిల్లు పడి ఉంది, పక్కన మెగ్నీషియం రాడ్డు ఉండాల్సిన చోట సన్నటి తీగ మిగిలింది. ట్యాంకుని తినకుండా ఉప్పు ముందు ఈ రాడ్డుని తినాలమ్మా, ఇలాంటి నీళ్ళకి ఏడాదికోసారి మార్చుకోవాలి, దీన్ని బిగించిన రోజు నుంచి ఎవరూ ముట్టుకున్నట్టు లేరు అన్నాడు. మేము దిగేటప్పటికే అది పాతది.

ఇక డబ్బులెవరివి అన్న గొడవ. ఓనర్‌కి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి, వాళ్ళ బాబాయిగారు ఇక్కడ వ్యవహారం చూస్తారు, ఆయనేమో వాడుకుంటున్నది మీరే కదమ్మా అంటారు. 11 నెలల అగ్రిమెంట్ తీసి చూస్తే చిన్న రిపేర్లు అద్దెకున్నవాళ్ళవి, పెద్దవి ఓనర్‌వి అని ఉంది, గీజర్ చిన్నదో పెద్దదో మాత్రం రాయలేదు! వారం పైగా గ్యాస్ మీద నీళ్ళు కాచుకున్నాం. చివరికి గీజర్ వాళ్ళు కొన్నారు, పిన్నిగారి సీలింగ్ మేం చేయించాం. అగ్రిమెంట్ మార్చేటప్పుడు అద్దె పెంచి, కొత్త గీజర్ పెట్టించాం కదమ్మా అన్నారు బాబాయిగారు. ఓనర్ ఊళ్ళో లేకపోవడంలో హాయి మేకుల వరకే.

న్యాయంగా చెప్పాలంటే గాలీ వెలుతురూ ఇప్పటికీ బాగానే ఉన్నాయి, సాయంత్రం బాల్కనీలో కూర్చుంటే ఈ కోపం కొంచెం తగ్గుతుంది. బయట తినే బ్యాచిలర్స్‌కి, చన్నీళ్ళ స్నానం అలవాటున్నవాళ్ళకి ఈ అద్దెకి ఈ ఏరియాలో మంచి ఫ్లాటే. పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే మాత్రం టైల్స్ తర్వాత చూడండి, ముందు బాత్రూమ్ కుళాయిల మొదళ్ళు, గీజర్ అడుగు చూడండి, వంటింటి కుళాయి తిప్పి ఒక చుక్క నాలిక మీద వేసుకోండి.

మేమైతే పాప పదో తరగతి అయ్యేవరకు కదిలేలా లేం, మా ఆయన డ్యూటీ కూడా పోర్టు వైపే. గోదారి నీళ్ళొచ్చే ఆ పక్క సందు అపార్ట్‌మెంట్లో అద్దె రెండు వేలు ఎక్కువ, టిన్నులకీ రిపేర్లకీ అయ్యేది కలిపి చూసుకుంటే తేడా అంత కూడా రాదు, కానీ మళ్ళీ అడ్వాన్సు, సామాన్ల బండి, పాలు పొంగించడం. అక్కడి వాచ్‌మన్‌కి నంబరైతే ఇచ్చి ఉంచాను.